నా మీద గీసిన మార్కింగులు

శ్రావణమాసం వస్తే మా షాపులో ఊపిరాడదు. వరలక్ష్మీ వ్రతానికి పట్టుజాకెట్లు, వాటి వెనకే పెళ్లిళ్లవి, ఆ వెంటనే బతుకమ్మవి. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర చిన్న టైలరింగ్ షాపు నాది. ఇరవై ఏళ్లుగా ఏ శ్రావణమాసంలోనూ షట్టర్ దించింది లేదు. 2024లో దించాను. ఆగస్టు 12, సోమవారం పొద్దున్న కత్తెర పట్టుకోవాల్సిన టైముకి నేను రేడియేషన్ బల్ల మీద పడుకుని ఉన్నాను.

నాకు అప్పటికి 44. జబ్బు గర్భసంచి మూతి క్యాన్సర్. మా చుట్టాల్లో సగం మందికి ఇప్పటికీ ‘కడుపులో గడ్డ’ అనే తెలుసు. అలా చెప్పింది నేనే కాబట్టి వాళ్లను అనడానికి లేదు.

అంతకు ముందు దసరా నుంచే తెల్లబట్ట ఎక్కువగా అయ్యేది, వాసన కూడా. నెలసరి కానప్పుడూ మరకలు. నడుం నొప్పి సంగతి సరేసరి, మిషన్ మీద కూర్చునే వాళ్లకు అది లేకపోతేనే ఆశ్చర్యం. మా ఆయనతో కలిసిన తర్వాత రక్తం కనబడేది. అది ఎవరికి చెప్పుకుంటాం? “ముట్లుడిగే వయసు, అట్లనే ఉంటది” అంది మా వదిన. గల్లీలో డాక్టరమ్మ లోపల చూడకుండానే రెండుసార్లు మాత్రలు రాసిచ్చింది. రెండుసార్లూ కొన్నాళ్లు తగ్గినట్టే అనిపించింది. మూడోసారి ఇంకో ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ టేబుల్ ఎక్కించి, పరికరం పెట్టి, లైటు వేసి చూసింది. చూసినంతసేపూ ఏదో మాట్లాడుతూనే ఉంది, తర్వాత గ్లౌజులు తీస్తూ “మీతో ఎవరొచ్చారమ్మా?” అంది. ఆ మాటతోనే నాకు సంగతి తెలిసిపోయింది. ముక్క తీసి పరీక్షకు పంపడం, ఎమ్మారై, అవన్నీ తర్వాత.

ఎమ్మారైలో తేలింది 2బి స్టేజి. అంటే మూతి దగ్గర ఉన్నది గర్భసంచి పక్కనున్న మెత్తటి కణజాలంలోకి కూడా పాకింది, కటి ఎముక గోడ దాకా మాత్రం పోలేదు. “ఆపరేషన్ ఉండదు. రేడియేషన్, దాంతోపాటు కీమో” అన్నారు డాక్టర్‌గారు.

ఇంట్లో ఇది ఎవరికీ మింగుడు పడలేదు. మన దగ్గర గర్భసంచి తీసేయించుకోని ఆడమనిషిని వెతకాలి గదా. మా అక్క 32 ఏళ్లకే తీయించుకుంది, మా ఆడపడుచు 35కి. “చిన్నదానికే తీసేస్తరు, క్యాన్సర్‌కు తియ్యరా? ఆస్పత్రి మార్చు” అని ఒకటే గొడవ. నేనే డాక్టర్‌ను మళ్లీ అడిగాను. ఆయన నా పని కనుక్కుని, దాంట్లోంచే చెప్పారు. “నూనె మరక గుడ్డ మధ్యలో ఉంటే ఆ ముక్క కత్తిరించి తీసేస్తావు. అది కుట్టు పక్కన వదిలిన గుడ్డలోకి కూడా పాకితే? ఎక్కడ కత్తిరించినా అంచులో మరక మిగులుతుంది. ఆ తర్వాత ఎలాగూ రేడియేషన్ ఇవ్వాల్సిందే. అప్పుడు రెండు బాధలు.” అదే మాట ఇంటికొచ్చి అప్పజెప్పాను. మా అక్కకు మాత్రం ఇప్పటికీ అనుమానమే.

మొదలుపెట్టడానికి ఇంకా నెల పట్టింది. ఆరోగ్యశ్రీ కింద చేయించుకున్నాను, పైసా కట్టలేదు, కానీ నా రేషన్ కార్డులో ఒక అక్షరం, ఆధార్‌లో ఇంకో అక్షరం. అది సరిచేయించుకునేసరికి కొన్ని రోజులు పోయాయి. ఇక హిమోగ్లోబిన్ 7.8 ఉంది. కనీసం పది దాటాలన్నారు. గడ్డకు ఆక్సిజన్ బాగా అందితేనే రేడియేషన్ దాని మీద బాగా పనిచేస్తుందట. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. ఒకటి మా తమ్ముడిది, ఇంకోటి షాపు పక్కన జిరాక్స్ అబ్బాయిది.

మా దగ్గర అందరూ రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అంటారు. మా ఆయన ఎలక్ట్రీషియన్. ఆయనకు ఆ మాట వినగానే వేరే భయం పట్టుకుంది. “ఎన్ని వోల్టులు సార్?” అని నిజంగానే అడిగేశాడు. డాక్టర్ నవ్వలేదు. “మిషన్‌లో 60 లక్షల వోల్టులు. అమ్మకు తగిలేది కరెంటు కాదు, ఎక్స్‌రే. మామూలు ఎక్స్‌రే కన్నా చాలా బలమైనది, అంతే” అన్నారు. 60 లక్షలు విన్నాక మా ఆయన ఆ రోజంతా అన్నం సరిగా తినలేదు.

ముందుగా ప్లానింగ్ సీటీ అని ఒకటి తీస్తారు. దాన్ని సిమ్యులేషన్ అంటారు. చీర వద్దు, వదులుగా ఉన్న ప్యాంటో నైటీనో వేసుకు రమ్మన్నారు. బాత్రూమ్‌కు వెళ్లొచ్చి, అర లీటరు నీళ్లు తాగి, ముక్కాలు గంట ఆగాలి. తర్వాత ఒక గౌను ఇచ్చారు. వెనక కట్టుకునే నాడాల్లో ఒక్కటే మిగిలింది, అదీ సగం తెగి ఉంది. అంత టెన్షన్‌లోనూ నా చూపు పోయింది దాని మీదికే.

బల్ల మీద పడుకోబెట్టి, మోకాళ్ల కింద ఒక దిండు పెట్టారు. వేడినీళ్ల తొట్టిలోంచి తెల్లటి ప్లాస్టిక్ షీటు తీశారు, నిండా చిల్లులే. ఇడ్లీ రేకుల మీదినుంచి అప్పుడే తీసిన తడిబట్ట ఎలా ఉంటుందో అంత వెచ్చగా, అంత మెత్తగా ఉంది. దాన్ని బొడ్డు పైనుంచి తొడల దాకా పరిచి, నలుగురూ నాలుగు వైపుల నుంచి చేతులతో ఒత్తి, బల్లకు బిగించారు. పది నిమిషాల్లో గట్టిపడిపోయింది. నా నడుం అచ్చు, నాకే, ఇంకెవరికీ పట్టదు. ఇన్నేళ్లలో ఎంతమందికి ఫిట్టింగ్ చూశానో, అంత కచ్చితమైన ఫిట్టింగ్ నేను ఒక్కరికీ ఇవ్వలేదు.

గోడల్లోంచి, పైకప్పులోంచి సన్నటి లేజర్ గీతలు వచ్చి నా మీద కలుస్తాయి. అవి కలిసిన చోట ప్లస్ గుర్తులు గీశారు: మధ్యలో ఒకటి, రెండు పక్కలా చెరొకటి. అచ్చు మీద కొన్ని, నా చర్మం మీద కొన్ని. చర్మం మీద గీసింది ఎరుపు, ఊదా కలిసిన రంగు మందుతో. “సబ్బు రాయొద్దు, రుద్దొద్దు. చెరిగిపోతే మళ్లీ మొదటికొస్తుంది” అంది టెక్నీషియన్ అమ్మాయి. నేను జాకెట్ ముందు భాగం, వెనక భాగం కలిసే చోట చిన్న కత్తెర గాటు పెట్టుకుంటాను, కుట్టేటప్పుడు జరగకుండా. అదే పని. అర్థమయ్యేసరికి భయం కొంచెం తగ్గింది.

సీటీ తీసేటప్పుడు నరానికి ఒక మందు ఎక్కిస్తారు. అది ఎక్కగానే ఒళ్లంతా ఒక్కసారి వెచ్చబడుతుంది, కింద తడిసిపోయినట్టు అనిపిస్తుంది. నిజంగా ఏమీ కాదు. నేను సిగ్గుతో చచ్చిపోయి, అయ్యాక బల్ల తడిమి చూసుకున్నాను.

లెక్క ఇదీ: మొత్తం 45 గ్రే, 25 సిట్టింగులు, రోజుకు 1.8. గ్రే అంటే రేడియేషన్‌ను కొలిచే కొలత, మనకు మీటరులాగా. సోమవారం నుంచి శుక్రవారం దాకా, వారానికి ఐదు. అంతా ఒకేసారి ఎందుకు ఇవ్వరంటే, మంచి కణాలు మర్నాటికి కాస్త కోలుకుంటాయి, చెడ్డవి అంత బాగా కోలుకోలేవు, ఆ తేడా మీదే వైద్యమంతా నడుస్తుందట.

కరెంటు పెట్టడం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. అచ్చు బిగిస్తారు, అందరూ బయటికి పోతారు, బ్యాంకు లాకర్ గదికి ఉండేలాంటి మందపాటి తలుపు మూసుకుంటుంది. పెద్ద తల ఒకటి మన చుట్టూ తిరుగుతుంది. పక్కింట్లో గ్రైండర్ తిరుగుతున్నట్టు చప్పుడు. నొప్పి లేదు, సెగ లేదు, వాసన లేదు. అన్నీ కలిపి పది పన్నెండు నిమిషాలు, అంటే జాకెట్‌కు హుక్కులు కుట్టే టైము.

అసలు కష్టం నీళ్లది. దీని గురించే అందరికీ చెప్పాలని నా కోరిక.

మూత్రాశయం నిండుగా ఉంటే అది పేగుల్ని పైకి నెడుతుంది, పేగులకు దెబ్బ తక్కువ. పైగా ప్లానింగ్ రోజున ఎంత నిండిందో రోజూ ఇంచుమించు అంతే నిండితేనే లోపల గర్భసంచి ఆ స్థానంలో ఉంటుంది. మార్కింగులు పైన ఎంత సరిగ్గా ఉన్నా, లోపలిది జరిగితే ఏం లాభం? అందుకని కరెంటు పెట్టేముందు బల్ల మీదే ఒక చిన్న స్కాన్ తీసి చూసుకుంటారు. చాలకపోతే మైకులోంచి గొంతు వస్తుంది: “అమ్మా, బ్లాడర్ నిండలేదు, దిగండి.” దిగి, ఇంకో గ్లాసు తాగి, మళ్లీ వెయిటింగ్ హాలు. గ్యాస్ ఎక్కువున్నా అదే శిక్ష.

మొదటి వారంలో నన్ను రెండుసార్లు దింపారు. రెండో వారం దీనికి ఉల్టా అయింది. టైమ్‌కి తాగేసి కూర్చున్నాను, నాకన్నా ముందు నలుగురున్నారు, వాళ్లలో ఒక పెద్దాయనకు ఆలస్యమైంది. గంటన్నర ఆపుకున్నాను. కాళ్లు వణికి, చెమటలు పట్టి, చివరికి ఆపుకోలేక పరుగెత్తాను. బయటికొచ్చేసరికి నా పేరు పిలుస్తున్నారు. మళ్లీ అర లీటరు, మళ్లీ ముక్కాలు గంట. ఆ రోజు మొదటిసారి ఆస్పత్రిలో ఏడ్చాను. క్యాన్సర్ అన్నప్పుడు కూడా ఏడవలేదు.

తర్వాత కిటుకు దొరికింది. వెళ్లగానే నీళ్లు తాగకూడదు. ముందు లోపల ఎవరున్నారు, నా ముందు ఎంతమంది అని టెక్నీషియన్‌ను అడగాలి. ముగ్గురుంటే అప్పుడు బాత్రూమ్‌కు వెళ్లొచ్చి సీసా తీయాలి. గీత పెట్టుకున్న అర లీటరు సీసా ఒకటే వాడాలి, గ్లాసులు, పేపర్ కప్పుల లెక్క నమ్మకూడదు. ముందు రోజు నుంచీ నీళ్లు బాగా తాగుతూ ఉంటే ఈ అర లీటరు త్వరగా దిగుతుంది. ఒళ్లు ఎండిపోయి ఉంటే ఎంత తాగినా దిగదు. రాత్రి శనగపిండి, రాజ్మా, క్యాబేజీ మానేశాక గ్యాస్ గొడవ కూడా పోయింది. దీంట్లో ఒక్క ముక్క నాకు ఇచ్చిన కాగితంలో లేదు. “నీళ్లు తాగి రండి” అని మాత్రం ఉంది.

ఆ ముక్కాలు గంట ఖాళీగా కూర్చోలేక ఒక పని పెట్టుకున్నాను. సూది, దారం, ఒక నాడా చుట్ట సంచిలో వేసుకెళ్లి, ఆ గౌన్లకు నాడాలు కుట్టడం మొదలుపెట్టాను. మొత్తం పదకొండు గౌన్లు. “మీ సిట్టింగులు అయిపోతే ఎట్లక్కా?” అంది టెక్నీషియన్ అమ్మాయి. అయిపోవాలనే కదమ్మా వస్తున్నది అన్నాను.

వెయిటింగ్ హాల్లో ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న “మీకెక్కడ?” గొంతు క్యాన్సర్ వాళ్లు గొంతు చూపిస్తారు. రొమ్ముది ఉన్నవాళ్లు కొంగు సర్దుకుంటూనే అయినా చెప్తారు. మా బ్యాచ్ మాత్రం అందరమూ ‘కడుపు’. ఒకే మిషన్, ఒకే నీళ్ల సీసా, చూస్తే తెలిసిపోతూనే ఉంటుంది, అయినా ‘కడుపు’. నల్గొండ వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది, ఆమె ఒక్కతే గట్టిగా అనేది: “నాది గర్భసంచి మూతి బిడ్డా. పేరు చెప్తే పెరుగుతదా, దాస్తే తగ్గుతదా?” మగవాళ్లు తలదించుకుని ఫోన్లు చూసుకునేవాళ్లు. నాకు ఆ పెద్దమ్మ మీద కాస్త అసూయగా ఉండేది.

వారానికోసారి కీమో. సిస్‌ప్లాటిన్ అనే మందు. ఇది రేడియేషన్ దెబ్బ గట్టిగా తగిలేలా చేస్తుంది. మందు ఎక్కేది కాసేపే, దానికి ముందూ వెనకా కిడ్నీలు పాడవకుండా సెలైన్ బాటిళ్లు, దానిలో మెగ్నీషియం, పొటాషియం, ఆ రోజంతా దానికే పోతుంది. జుట్టు పెద్దగా రాలలేదు. తాలింపు వాసన మాత్రం శత్రువైపోయింది. పక్క ఫ్లాట్‌లో ఆవాలు చిటపటమంటే నేను వాంతికి పరుగెత్తేదాన్ని. నాలుగు కీమోలు అయ్యాయి. ఐదోదానికి తెల్లరక్తకణాలు బాగా పడిపోయాయని ఆపేశారు. ఒకటి తగ్గిందని బెంగపెట్టుకుంటే, “కీమో ఒకటి తగ్గినా పర్వాలేదు, రేడియేషన్ మాత్రం ఆగకూడదు” అన్నారు.

ఆ మాట అన్న వారానికే రేడియేషన్ ఆగింది. మిషన్ పాడైంది. మొదటిరోజు పొద్దున తొమ్మిదికి వెళ్తే మధ్యాహ్నం మూడింటి దాకా ఎవరూ ఏమీ చెప్పలేదు. “చూస్తున్నారు, కూర్చోండి” అంతే. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, కొందరు నీళ్లు తాగేసి. మా ఫోన్ నంబర్లన్నీ వాళ్ల దగ్గర ఉన్నాయి, ఒక్క మెసేజ్ పెడితే ఏం పోయేది? రెండో రోజూ అంతే. మొదటి సిట్టింగ్ నుంచి, ఇవన్నీ అయ్యాక గొట్టాలతో లోపలినుంచి ఇచ్చే ఆఖరి రేడియేషన్ దాకా మొత్తం ఎనిమిది వారాల్లో ముగియాలి. సాగదీస్తే మిగిలిన కణాలు మళ్లీ పుంజుకుంటాయి. అందుకని పోయిన రోజుల్లో ఒకటి శనివారం పిలిచి ఇచ్చారు. క్యాలెండర్ మీద నేనూ లెక్క రాసుకున్నాను. మీరూ రాసుకోండి, సిట్టింగ్ పోతే ఎప్పుడు కలుపుతారని అడగండి, మొహమాటం వద్దు.

మూడో వారం చివర నుంచి విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు ఏడెనిమిది. లోపెరమైడ్ మాత్ర, ఓఆర్ఎస్, సగ్గుబియ్యం జావ, మెత్తటి పెరుగన్నం, అరటిపండు. పాలు, ఆకుకూరలు, పచ్చిమిర్చి బంద్. మూత్రంలో మంట వస్తే బార్లీ నీళ్లు. కింద చర్మం నల్లబడి ఒరిసింది. గోరువెచ్చని నీళ్లతో కడిగి మెత్తటి నూలుబట్టతో అద్దడమే, రుద్దితే ఊడొస్తుంది. నేను మెట్రోలో వెళ్లొచ్చేదాన్ని. ఎర్ర లైన్‌లో ఏ స్టేషన్‌లో బాత్రూమ్ ఎటువైపో నాకు బాగా తెలుసు. ఒకసారి నాంపల్లిలో, ఒకసారి మలక్‌పేట్‌లో దిగి పరుగెత్తాను. వినాయక చవితి నవరాత్రుల్లో ఖైరతాబాద్ రాగానే 70 అడుగుల గణపతిని చూడ్డానికి జనం పెట్టెలోకి ఎక్కేదీ దిగేదీ తెలియకుండా తోసుకునేవాళ్లు. ఆ తోపులాటలో పొట్ట మీద చేయి అడ్డం పెట్టుకుని, దేవుడా ఈ రెండు స్టేషన్లు ఆగనియ్యి అని దండం పెట్టుకున్నాను. అంత పెద్ద గణపతిని ఇంత చిన్న కోరిక కోరింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇంకో మాట. “నీ ఒంట్లోంచి రేడియేషన్ వస్తదట, పిల్లల్ని దగ్గరికి రానియ్యొద్దట” అని ఫ్లాట్లలో ఒకావిడ అంది. రాదు. లైటు ఆర్పేశాక గదిలో వెలుతురు మిగలనట్టే, మిషన్ ఆగితే ఒంట్లో ఏమీ మిగలదు. ఆవిడ జాకెట్లు ఇప్పుడు వేరే చోట కుట్టించుకుంటోంది.

25వ సిట్టింగ్ నిమజ్జనం మర్నాడు అయింది. అందరూ మిఠాయి పంచుతారు, నేనూ పంచాను. నాకు తెలుసు అసలుది ముందుంది.

దాన్ని బ్రాకీథెరపీ అంటారు, మా భాషలో లోపలి కరెంటు. హాల్లో దాని గురించి చెప్పుకునే కథలన్నీ వింటే పారిపోతాం. కొన్ని అబద్ధాలు, కొన్ని నిజాలు. నాకు రెండు విడతలు చేశారు, వారం తేడాతో. ఒక్కో విడతలో రెండు డోసులు, సాయంత్రం ఒకటి, మర్నాడు పొద్దున ఒకటి, ఒక్కోటి 7 గ్రే.

ముందురోజు పేగు ఖాళీ చేయడానికి ఎనిమా. థియేటర్‌లో వెన్నుకు సూది ఇచ్చి నడుం కింద మొద్దుబారేలా చేస్తారు, చేసేటప్పుడు ఏమీ తెలియదు. వంపు తిరిగిన సన్నటి గొట్టం ఒకటి గర్భసంచిలోకి, దాని పక్కల గుండీల్లాంటివి రెండు మూతికి ఇరువైపులా. ఇవి కదలకుండా, మూత్రాశయాన్నీ మలద్వారం వైపు పేగునీ దూరంగా నెట్టేలా గాజుగుడ్డ కుక్కుతారు. మూత్రానికి గొట్టం. సీటీ తీసి, లెక్కలు వేసి, ఒక గదిలోకి తీసుకెళ్లి ఆ గొట్టాలకు మిషన్ నుంచి పైపులు తగిలిస్తారు. ఇరిడియం అనే లోహపు ముక్క, బియ్యపు గింజ కన్నా చిన్నది, తీగ చివర ఉంటుంది. మిషన్ దాన్ని లోపలికి పంపి, ఇక్కడ కొన్ని సెకన్లు, అక్కడ కొన్ని సెకన్లు ఆపుతూ, తిరిగి డబ్బాలోకి లాగేసుకుంటుంది. ఆ ఇరిడియం బలం ప్రతి 74 రోజులకు సగానికి పడిపోతుందట. అందుకని కొత్త ముక్క వేసినప్పుడు తక్కువ నిమిషాలు, పాతబడేకొద్దీ ఎక్కువ నిమిషాలు. నాకు పది నిమిషాల చిల్లర పట్టింది. బయటినుంచి ఇచ్చేదానికి, దీనికి తేడా నాకైతే ఇలా అర్థమైంది: అది చీర మొత్తం మీద ఇస్త్రీ పెట్టె నడపడం, ఇది ఒక్క మడత మీద మొన ఆనించడం.

ఆ పది నిమిషాల్లో నొప్పి లేదు. నొప్పి రాత్రిది. వెన్ను మత్తు దిగిపోయాక, లోపల అవన్నీ ఉండగా, వెల్లకిలా, కాళ్లు ముడవకుండా, పక్కకు తిరగకుండా తెల్లవార్లూ ఉండాలి. ఒంటిగంటకు నడుం విరిగిపోతున్నట్టుంది. మా అమ్మాయి నా నడుం కిందికి చేతులు దూర్చి, అరచేతులు అలాగే పెట్టి కూర్చుంది. చేతులు తిమ్మిరెక్కితే మార్చుకునేది. మాటల్లేవు. దాని ఉంగరం నా వెన్నుకు గుచ్చుకుంటుంటే తియ్యమని చెప్పడానికి కూడా మనసొప్పలేదు, చెప్తే చేతులు తీసేస్తుందని.

పొద్దున రెండో డోసు అయ్యాక అన్నీ తీసేస్తారు. గాజుగుడ్డ లాగేటప్పుడు ఉంటుంది చూడండి, అది ఎండిపోయి అంటుకుని ఉంటుంది, నేను అరిచిన అరుపుకు బయటున్న మా ఆయన లేచి నిలబడ్డాడట. మొదటి విడతలో ముందుగా నొప్పి మందు ఎవరూ ఇవ్వలేదు. రెండో విడతలో నేనే అడిగాను: “తీయడానికి అరగంట ముందు ఇంజెక్షన్ ఇవ్వండి మేడమ్, గుడ్డ తడిపి తీయండి.” ఇచ్చారు. తడిపారు. సగానికి సగం నయం. అడిగితే ఇచ్చేదాన్ని అడగకపోతే ఎందుకు ఇవ్వరో నాకు అర్థం కాదు.

అక్టోబరు 1న డిశ్చార్జి. లెక్కేస్తే మొత్తం 51 రోజులు, ఎనిమిది వారాలకు ఐదు రోజులు తక్కువే. మర్నాడే ఎంగిలిపూల బతుకమ్మ. మా అమ్మాయి తంగేడు, గునుగు తెచ్చి పేర్చింది. నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తిరుగుతున్న ఆడవాళ్ల జాకెట్లలో నేను కుట్టినవి ఆ ఏడు ఒక్కటీ లేవు. ఒకావిడ భుజం కుట్టు పీక్కుపోయి ఉంది. చూడనట్టు ఊరుకున్నాను.

తర్వాతి సంగతులు ఎవరూ సరిగా చెప్పరు కాబట్టి రాస్తున్నాను. రేడియేషన్‌కు అండాశయాలు ఆగిపోతాయి. నెలసరి అక్కడితో సరి. రెండు నెలల్లో ఒళ్లంతా సెగలు, రాత్రి చెమటలు, ఊరికే కోపం. నెలల తరబడి నీరసం. ఇంకోటి, యోని గోడలు అతుక్కుపోయి ఇరుకైపోతాయి. అలా కాకుండా డైలేటర్ అని నున్నటి ప్లాస్టిక్ గొట్టాలు ఉంటాయి, సైజుల వారీగా. లోపలి పుండు మానాక, జెల్ రాసుకుని, వారానికి మూడుసార్లు, ఐదు పది నిమిషాలు. మొగుడితో కాపురం కోసమే అనుకుని చాలామంది “ఈ వయసులో మాకెందుకు” అని పక్కన పడేస్తారు. కాపురం సంగతి మీ ఇష్టం. ఇరుకైపోతే రేపు చెకప్‌లో డాక్టర్ లోపల చూడలేరు, జబ్బు తిరగబెడితే కనిపించదు. నాకు దీని గురించి చెప్పింది డాక్టర్ కాదు, ఆరో వారం చెకప్‌లో ఒక నర్సమ్మ, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి. మా గల్లీ మెడికల్ షాపులో ఆ పేరే వినలేదన్నాడు. మా ఆయన ఫోన్లో వెతికి తెప్పించాడు. పార్సిల్ వచ్చినరోజు ఇద్దరం దాని వంక చూసి, ఏం మాట్లాడాలో తెలియక, టీ పెట్టుకున్నాం. తర్వాత ఆయనే అడిగాడు, “నొప్పైతదా?” అని. అంతకు ముందు ఏడాది ఆ రక్తం సంగతి కూడా ఆయనకు నేను సగమే చెప్పాను. ఆ రాత్రి మొత్తం చెప్పాను. గొట్టాలకు లైనింగ్ ముక్కతో మూతికి తాడున్న సంచి ఒకటి కుట్టుకున్నాను.

మూడు నెలలకు ఎమ్మారై తీశారు. గడ్డ కనిపించడం లేదన్నారు. రెండేళ్ల దాకా మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి చెకప్. ఈ జబ్బుకు కారణం హెచ్‌పీవీ అనే వైరస్, దానికి టీకా ఉందని తెలిశాక మా అమ్మాయికి వేయించాం. దానికి అప్పుడు 19. తొమ్మిది నుంచి పద్నాలుగు ఏళ్ల మధ్య వేయిస్తే ఇంకా మంచిదట, 15 దాటింది కాబట్టి మూడు డోసులు పడ్డాయి. మా అక్క ఈ విషయంలో మాత్రం ఎదురు చెప్పకుండా తన మనవరాలిని తీసుకెళ్లింది.

షాపు మళ్లీ తెరిచాను. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటాను, ఆర్డర్లు సగమే తీసుకుంటాను. మొన్న పాత బట్టలు సర్దుతుంటే ప్లానింగ్ రోజుల్లో కట్టుకున్న తెల్ల లంగా దొరికింది. నడుం దగ్గర మూడు చోట్ల ఆ ఊదారంగు దిగింది, సరిగ్గా మార్కింగులు ఉన్నచోట. ఒంటి మీదివి ఎప్పుడో పోయాయి. లంగాను రెండు రోజులు సర్ఫ్‌లో నానబెట్టాను, నిమ్మకాయ రుద్దాను, ఎండలో వేశాను. పోలేదు. గుడ్డ ఇంకా గట్టిగానే ఉంది, నాడా మార్చి కట్టుకుంటున్నాను.